గ్లాడిస్‌కీ సైకాలజీకీ సంబంధం

ఆ ఉదయం బ్రిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కోర్సుల నమోదు మొదలవగానే తత్వశాస్త్రంలో తేలికపాటిదొకటి పట్టేసి, మళ్ళీ దుప్పటి ముసుగెయ్యాలి, అంతే. సైకాలజీ డిగ్రీకి ఆమెకు మిగిలింది అదొక్కటే: సొంత శాఖకు బయట, అయినా సైకాలజీకి సంబంధం ఉన్న ఒక కోర్సు. అది గట్టెక్కితే మే నెలలో పట్టా, జూన్‌లో మిల్వాకీలో పిల్లల బడిలో ఉద్యోగం. గట్టెక్కకపోతే ఆ ఉద్యోగం ఇంకెవరిదో.

తీరా కంప్యూటర్ తెరిచేసరికి తత్వశాస్త్రం నిండిపోయింది. సమాజశాస్త్రం నిండిపోయింది. భాషాశాస్త్రం కళ్ళ ముందే నిండిపోయింది. చివరికి "జంతు ప్రవర్తన" అనే కోర్సులో ఒకే ఒక్క సీటు కనబడింది. బ్రిన్ దాని మీద పడి నొక్కేసి, మంచం మీద గంతులేసింది.

"మరీబెల్! లేవే! దొరికింది! తెల్ల ఎలుకలు, బోనులు, మీటలు! అన్నీ మనం చదివేసినవే!"

పక్క మంచం మీది మరీబెల్ కళ్ళు తెరవకుండానే, "ఏ శాఖ వాళ్ళదే?" అంది.

"ఎవరిదైతే ఏంటి? ఎలుక ఎక్కడైనా ఎలుకే కదా!"

ఆ కోర్సు పాడి పశువుల శాఖది. మొదటి రోజే రబ్బరు బూట్ల హాల్వర్సన్ మాస్టారు అందర్నీ కొట్టంలో నిలబెట్టి, తలొక పలుపు చేతికిచ్చాడు. ప్రతి పలుపు చివరా ఒక పెయ్య ఉంది.

"ఏప్రిల్‌లో పశువుల ప్రదర్శన. ఎవరి పెయ్యను వాళ్ళే మచ్చిక చేసుకుని జనం ముందు నడిపించాలి. నడిస్తే పాసు."

బ్రిన్ వాటాకు వచ్చిన పెయ్య పేరు గ్లాడిస్. నలుపూ తెలుపూ మచ్చలు, పెద్ద పెద్ద కనురెప్పలు, కొండంత మొండితనం. లాగితే రాదు, నెడితే కదలదు. "నీ కాళ్ళు పట్టుకుంటానే తల్లీ, ఒక్క అడుగెయ్యవే!" అని బతిమాలితే నెమరు వేస్తూ చూసింది. బ్రిన్ మాత్రం రోజూ పేడలో జారిపడి గదికి పోయేది.

అది చాలదన్నట్టు సైకాలజీ శాఖలో ఆమె చదువుకు సలహాదారైన డాక్టర్ పాష్కే అడ్డం తిరిగాడు. ఆయన ఒప్పుకుంటేగానీ కోర్సు లెక్కలోకి రాదు.

"ఆవుకీ సైకాలజీకీ ఏం సంబంధం అమ్మాయ్?"

"ప్రవర్తన సార్..."

"మా కుక్కకీ ప్రవర్తన ఉంది. దానికి నేను పట్టా ఇవ్వడం లేదే! సరే, ప్రదర్శనకు వస్తాను. సంబంధం కనబడిందా, సంతోషం. లేదా, వేసవిలో ఇంకో కోర్సు."

వేసవి అంటే ఉద్యోగం గోవిందా. బ్రిన్ ఏడుపు మొహంతో కొట్టానికి పోయి, గడ్డిమోపు మీద చతికిలబడి, ఆకలికి పాప్‌కార్న్ సంచి విప్పింది. కాగితం పెళపెళలాడింది. అన్నాళ్ళూ బండరాయిలా నిలబడ్డ గ్లాడిస్ గబగబా నడిచొచ్చి, ఆమె ఒడిలో మూతి పెట్టింది!

ఇంకేముంది! సంచి చప్పుడు చెయ్యడం, నాలుగు పేలాలు పెట్టడం. కొద్ది రోజులకే పేలాలు అక్కర్లేకుండా పోయింది. జేబులో ఉత్త సంచి నలిపితే చాలు, గ్లాడిస్ తల ఎత్తుకుని పెళ్ళికూతురిలా నడిచేది.

"గంట మోగితే కుక్కకు నోరూరడం! మన మొదటి ఏడాది పాఠమే!" అని గది అదిరేలా అరిచింది బ్రిన్.

"మరైతే గంటే వాడొచ్చుగా?" అంది మరీబెల్.

"నా చేతిలో సంచి ఉందే బాబూ, గంట లేదు!"

ఇక ఆ ఊళ్ళో పశువుల ప్రదర్శన అంటే పేలాల పండగ. పాడి శాఖ విద్యార్థులు గుమ్మంలోనే నిలబడి, వచ్చిన ప్రతివాళ్ళ చేతిలోనూ ఒక కాగితపు సంచి పెడతారు. అది ఊరందరికీ తెలుసు. నాలుగేళ్ళలో ఒక్కసారైనా అటు తొంగిచూసి ఉంటే బ్రిన్‌కూ తెలిసేది.

పెయ్యను పట్టుకుని బరిలోకి అడుగుపెట్టాక గానీ ఆమెకు తెలియలేదు. నాలుగు వైపులా బల్లల మీద జనం, ప్రతి ఒడిలో సంచి, ఎటు చూసినా పెళపెళ! గ్లాడిస్ ఒక్క క్షణం ఉక్కిరిబిక్కిరైంది. తర్వాత అన్నిటికంటే దగ్గరి సంచిని ఎంచుకుంది. అది ముందు వరసలో డాక్టర్ పాష్కేది.

ఆయన కంగారుగా సంచి మూతి మడిచాడు. చప్పుడు రెట్టింపైంది. కోటు లోపల దాచాడు. గ్లాడిస్ అడ్డు కర్ర మీంచి తల దూర్చి కోటును నాకింది. ఆయన లేచి పరుగందుకున్నాడు. గ్లాడిస్ కర్రను తోసుకుని వెంటపడింది. అడుగడుగుకీ కోటులో పెళపెళ!

"సంచి పారెయ్యండి సార్!" పలుపు పట్టుకుని వెనకాల ఈడ్చుకుపోతూ అరిచింది బ్రిన్.

"దాన్ని ఆపు ముందు!"

"మీరు ఆగితే అదీ ఆగుతుంది సార్!"

ఆయన ఆగితేనా! పచ్చిక దాటాడు, వంతెన దాటాడు, ప్రాణభయంతో సొంత గూటికే, సైకాలజీ భవనానికే పరిగెత్తాడు. గుమ్మంలోని తలుపులు మనిషిని చూసి వాటంతటవే తెరుచుకునే రకం. పెయ్యను చూసి కూడా తెరుచుకున్నాయి.

హాల్వర్సన్ మాస్టారు రొప్పుతూ వచ్చేసరికి డాక్టర్ పాష్కే తన గదిలో బల్ల మీద నిలబడి ఉన్నాడు. గ్లాడిస్ ఆయన మోకాళ్ళను ప్రేమగా నాకుతోంది. అయిపోయింది, అంతా అయిపోయింది అనుకుని బ్రిన్ గోడకు చేరగిలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

"ఏడుస్తావేంటి పిచ్చిదానా!" అన్నాడు హాల్వర్సన్. "నడిస్తే పాసన్నాను. ఇది ఊరంతా పరిగెత్తింది!"

డాక్టర్ పాష్కే కోటులోంచి నలిగిన సంచి తీశాడు. గ్లాడిస్ చెవులు నిక్కబొడిచింది. దాచాడు. చెవులు వాల్చింది. మళ్ళీ తీశాడు. మళ్ళీ నిక్కబొడిచింది. ఆయన మొహం మెల్లగా వెలిగింది.

"అమ్మాయ్! ఇన్నేళ్ళుగా పాఠం చెబుతున్నాను, ఇంత స్పష్టంగా ఒక్కసారీ చూడలేదు! ఉంది, సంబంధం ఉంది! ఒప్పుకుంటున్నాను!"

బ్రిన్ కళ్ళు తుడుచుకోవడం కూడా మరచి గ్లాడిస్ మెడను వాటేసుకుంది.

"కానీ," అన్నాడాయన బల్ల దిగకుండానే, "నియమం ప్రకారం కోర్సు మన శాఖకు బయట ఉండాలి. ముందు దీన్ని బయటికి తీసుకెళ్ళు."

సైకాలజీ శాఖలో కాగితం చప్పుడు కాని గది ఒక్కటీ లేకపోవడంతో, ఆ నియమం సాయంత్రం దాకా నెరవేరలేదు.