బక్కమ్మకు నూటికి పదకొండు

చౌటుప్పల్ పొలిమేరలో హైవేకు ఆనుకుని ఉన్న మా ‘పచ్చిక ప్రైడ్ విల్లాస్’ సంక్షేమ సంఘం తరఫున తెలియజేయునది ఏమనగా, ఈ ఏడాది మేము ఒక కుక్కను రక్షించాము. ఒక్కటేనా అని తేలిగ్గా తీసుకోకండి. సంఘం పుట్టిన ఆరేళ్లలో మేము ఎవరినైనా రక్షించడం ఇదే మొదటిసారి.

ఇక్కడ ఇదివరకు గొర్రెలు మేసే పచ్చిక ఉండేది. దాని గౌరవార్థం కాలనీకి ఆ పేరు పెట్టి పచ్చికను తీసేశారు. ఇప్పుడు నూట నలభై విల్లాలు, ఒక క్లబ్‌హౌస్, గేటు దగ్గర ఎప్పుడూ ఏడెనిమిది ఊరకుక్కలు ఉన్నాయి. వాటిని పట్టుకుపోవలసిందిగా మునిసిపాలిటీకి తొమ్మిది వినతిపత్రాలు ఇచ్చాము. అన్నీ నేనే రాశాను. తహశీలు కార్యాలయంలో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసి వచ్చానని సంఘం కార్యదర్శి పదవి నాకు అంటగట్టారు. కాబట్టి మాకు మూగజీవాల మీద ప్రేమ లేదని ఎవరూ అనుకోవద్దు. గేటు దగ్గరి వాటి మీద లేదు, అంతే.

సంఘంలో కరుణా విభాగానికి మనీష గారు కన్వీనర్. ఒక ఆదివారం ఉదయం ఆమె కారులో వెళ్తుంటే, సర్వీసు రోడ్డు పక్కన గొర్రెల మంద దగ్గర ఒక ఎర్ర కుక్క ఎండలో పడుకుని కనిపించింది. దాని మెడకు తాడుతో మూరెడు కట్టె కట్టి ఉంది. ఈ చిత్రహింస చూసి ఆమె గుండె తరుక్కుపోయింది. కారు దిగి ముందు వీడియో తీశారు. వెలుతురు సరిపోక మరోసారి తీశారు. ఆ తర్వాత తాడు కోసి, కట్టె అవతల పారేసి, కుక్కను కారెక్కించారు. మంద కాసే మనిషి నీళ్లకు పోయిన పది నిమిషాల్లో ఇదంతా పూర్తి చేయడం ఆమె సమర్థతకు నిదర్శనం.

గేటు దగ్గర వాచ్‌మన్ మెహమూద్ కారులోకి తొంగి చూసి, “మేడం, గిది గొర్లు కాసే బక్కమ్మ కుక్క గదా!” అన్నాడు. వాచ్‌మన్లు తమ పని తాము చూసుకోవాలని అతనికి ఆనాడే నోటిమాటగా చెప్పడమైనది.

కుక్కకు ఆస్కార్ అని పేరు పెట్టాము. ఎన్నిసార్లు పిలిచినా అది తల తిప్పలేదు. నగరం నుంచి వచ్చిన పశువుల డాక్టరు పరీక్షించి చెవుడు కావచ్చన్నారు. ప్యాకెట్ తిండి పెడితే వాసన చూసి పక్కకు జరిగేది. రోజంతా ప్రహరీగోడ వైపు తిరిగి కూర్చునేది. దాన్ని మానసిక కుంగుబాటుగా నిర్ధారించి, క్లబ్‌హౌస్‌లో ఉదయం సాయంత్రం వేణునాదం పెట్టించాము.

మూడో రోజు బక్కమ్మ గేటు దగ్గరికి వచ్చింది. అరవై దాటిన మనిషి, భుజాన గొంగడి, చేతిలో కర్ర. మా అధ్యక్షులు నాగేందర్ గారు స్వయంగా బయటికి వచ్చి మాట్లాడారు. వారు ప్లాట్లు అమ్మే వృత్తిలో ఉన్నందున ఎవరితోనైనా ఓపికగా మాట్లాడగలరు.

“సారూ, మా ఎర్రోన్ని మీరు తెచ్చిండ్రంట. జర ఇడువుండ్రి, తోల్కపోత. గొర్లు ఈనుతున్న దినాలు, వాడు లేకుంటే పిల్లలు దక్కవు.”

“మెడలో ఆ కట్టె ఎందుకు కట్టినవమ్మా?”

“రోడ్డు మీద బండ్లెంబడి ఉరుకుతడు సారూ. కట్టె ఉంటే కాళ్లకు తాకుతది, ఉరకడు. పానం కాపాడనీకె కట్టిన.”

ఇంతలో ఆమె లోపలికి చూస్తూ “ఎర్రోడా!” అని ఒక్క కేక వేసింది. క్లబ్‌హౌస్ నుంచి కుక్క క్యారమ్ బోర్డు మీదుగా దూకి వచ్చి గేటు ఊచల మధ్య మూతి పెట్టింది. ఆమె చెయ్యి నాకుతూ ఒకటే మూలుగు. డాక్టరు గారి చికిత్సతో ఆస్కార్‌కు వినికిడి శక్తి తిరిగి వచ్చినట్లు మినిట్స్ పుస్తకంలో నమోదు చేశాను.

“ప్రేమ ఉండొచ్చమ్మా, కాదనం,” అన్నారు నాగేందర్ గారు. “కానీ పద్ధతి అని ఒకటుంటది గదా. మేము ప్రేమగల ఇల్లు ఎతుకుతున్నం. నువ్వు గూడ దరఖాస్తు పెట్టుకో.”

నాలుగు పేజీల దరఖాస్తును బక్కమ్మ చెబుతుంటే నేనే నింపాను. ఇంటి విస్తీర్ణం ఎంత? “మంద యాడ పెడితే గాడనే మా ఇల్లు.” కుక్క పడుకునే గది? “నా గొంగట్ల.” కుక్కతో దిగిన ఫోటోలు మూడు జతచేయాలి. ఆమె కొంగు ముడి విప్పి బటన్ల ఫోన్ తీసి నాకిచ్చింది, అందులో ఉంటాయేమో చూడమని. అది ఫోటోలు తీసే ఫోన్ కాదు.

నిబంధనల ప్రకారం ఇల్లు తనిఖీకి ముగ్గురం వెళ్లాము. పత్తి తీసేసిన చేనులో వలకట్టి మంద పెట్టారు. బక్కమ్మ మాకు గొంగడి పరిచి, మేకపాలతో చాయ్ కాచి ఇచ్చింది. అంత మంచి చాయ్ నేను ఈ మధ్య తాగలేదు. వల పక్కన రెండు గొర్రెపిల్లలు చచ్చి పడి ఉన్నాయి. “మీ గేటు కాడి కుక్కలే సారూ. ఎర్రోడు ఉంటే రానిస్తడా?” అంది. ఊరకుక్కల అంశం కరుణా విభాగం పరిధిలోకి రాదని మనీష గారు ఆమెకు నచ్చజెప్పారు.

తనిఖీ నివేదిక ఇలా ఉంది: పైకప్పు లేదు. ప్రహరీ లేదు. సోఫా లేదు. ఇరుగుపొరుగు గొర్రెలు. ప్రేమకు రుజువులు సమర్పించలేదు. మార్కులు నూటికి పదకొండు. ఆ పదకొండు చాయ్‌కి వేసినవి, వేసింది నేను. ఇంతకంటే ఎక్కువ వేయాలనిపించింది. అందరూ నా వైపు చూస్తుంటే చెయ్యి రాలేదు, ఆ సంగతి మాత్రం మినిట్స్‌లో లేదు.

పద్నాలుగో నంబరు విల్లా శివకృష్ణ గారికి తొంభై ఆరు వచ్చాయి. దత్తత మహోత్సవం క్లబ్‌హౌస్‌లో ఘనంగా జరిగింది. కుక్కకు పూలదండ, శివకృష్ణ గారి దంపతులకు శాలువా. నాగేందర్ గారు మైకు అందుకుని, “ఈ రోజు ఒక అనాథకు అమ్మానాన్న దొరికారు. మనిషిలో మానవత్వం చచ్చిపోయిందనే వాళ్లకు మా కాలనీయే జవాబు. తొందర్లో ఫేజ్ టూ కూడా తెస్తున్నం,” అన్నారు. చప్పట్లు మోగాయి. గేటు బయట బక్కమ్మ నిలబడి ఉంది. ఆమెకూ లడ్డూ పంపించాము. ఎవరినీ మరిచిపోవడం మా కాలనీ సంస్కారం కాదు.

నెల తిరక్కుండా శివకృష్ణ గారు కుటుంబంతో పదిరోజులు ఊటీ వెళ్తూ, కుక్కను పోర్టికోలో గొలుసుకు కట్టి, తిండి పెట్టమని మెహమూద్‌కు చెప్పారు. రెండో రోజు కుక్క లేదు. సంజాయిషీ అడిగితే మెహమూద్ ఇలా చెప్పాడు: “కట్టేసి ఉంచితే దాని కాళ్లు పట్టుకుంటయని బయట తిప్పిన సార్. గొలుసు చెయ్యి జారింది. నేను గూడ గట్టిగ పట్టుకోలే.” అతనికి మెమో ఇచ్చాము. శివకృష్ణ గారు పెద్ద మనసుతో క్షమించి, ఈసారి బొచ్చు కుక్క అయితే బాగుంటుందని సూచించారు.

మొన్న గురువారం పనిమీద స్కూటర్ మీద పోతుంటే చెరువు అవతలి బీడులో మంద కనిపించింది. మంద అంచున ఎర్రోడు చెవులు నిక్కబొడుచుకుని కూర్చున్నాడు. మెడలో మళ్లీ కట్టె. కొత్తగా ఈనిన పిల్ల ఒకటి వాడి తోకతో ఆడుతోంది. బక్కమ్మ నన్ను చూసి ముందు బెదిరింది, తర్వాత చాయ్ పెట్టింది.

“మల్ల తీస్కపోరు గద సారూ?”

“లేదమ్మా,” అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

కళ్లు నిండాయి. ఆ సంతోషంలో ఒక ఫోటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పది నిమిషాల్లో నూట ఇరవై మంది కన్నీళ్ల బొమ్మలు పంపారు. నాకులాగే వాళ్లకూ సంతోషం కలిగిందనుకున్నాను. తీరా చూస్తే వాళ్లంతా చూసింది కట్టెను. ఈ ఆదివారం ఉదయం ఏడింటికి కారు బయలుదేరుతుందని మనీష గారు రాశారు. దారి తెలిసినవాణ్ని నేనే కాబట్టి నన్ను ముందు సీట్లో కూర్చోమన్నారు. కాదనడానికి వాక్యం మూడుసార్లు టైపు చేసి చెరిపేసి, చివరికి సరేనన్నాను.

కావున, ఆస్కార్‌కు ప్రేమగల ఇల్లు మళ్లీ కావలెను. ఇది చదువుతూ బక్కమ్మ కోసం బాధపడిన వారు దరఖాస్తు చేసుకోవచ్చు. మీ బాధకు రుజువుగా మూడు ఫోటోలు జతచేయగలరు.