ధరల కోత, నా కోతలు, కోత పండుగ

అవసరం లేని వస్తువును మూడోవంతు ధరకు కొనడమే మనిషి జీవితంలో సాధించగల అత్యున్నత లాభం అని నేను ఘంటాపథంగా చెబుతున్నాను!

నవ్వకండి. అవసరమైనది ఎవడైనా కొంటాడు. బియ్యం కొనడంలో గొప్పేముంది? ఆకలి కొనిపిస్తుంది. మందులు కొనడంలో గొప్పేముంది? రోగం కొనిపిస్తుంది. అదే చేపలు పట్టే కర్ర కొన్నామనుకోండి, దాన్ని ఏ ఆకలీ కొనిపించలేదు, ఏ రోగమూ కొనిపించలేదు. అచ్చంగా మన తెలివే కొనిపించింది! అంత స్వచ్ఛమైన కొనుగోలు ఇంకెక్కడైనా ఉందా?

ఇంత జ్ఞానం నాకు ఎక్కడ కలిగిందంటారా? విజయనగరంలో, ఊరి చివర మైదానంలో పెట్టిన అవుట్‌డోర్ షోలో.

అవుట్‌డోర్ షో అంటే ఏమిటో మా నెల్లిమర్లలో చాలామందికి తెలియదు. మాకు కరెంటు పోతే ఊరంతా అవుట్‌డోరే కదా! అక్కడికెళ్లి చూస్తే డేరాల్లో డేరాలు అమ్ముతున్నారు. పట్టపగలు టార్చిలైట్లు అమ్ముతున్నారు. రామతీర్థం కొండను వట్టి కాళ్లతో ఎక్కే జనానికి కొండలెక్కే బూట్లు అమ్ముతున్నారు. వీటన్నిటి మధ్యా, మెడలో టై, చేతిలో గాలం కర్ర పట్టుకుని ఒక సేల్స్‌మన్ నన్ను చూసి చిరునవ్వు విసిరాడు. గాలం తర్వాత విసిరాడు.

"సార్, మీరు బిగినరా?"

"పెళ్లయి ఇరవై రెండేళ్లయింది నాయనా. ఇంకా బిగినర్నే అంటుంది మా ఆవిడ" అన్నాను.

బిగినర్ అంటే బిగించబడువాడు అని అప్పటికి నాకు తెలియదు.

కొత్తగా ఈ విద్యలోకి దిగేవారి కోసం నా అనుభవసారం చెబుతాను, ఎక్కడైనా రాసిపెట్టుకోండి. షోకి చివరి రోజు వెళ్లాలి. డేరా గుంజలు పీకుతుండగా వెళ్తే మరీ మంచిది. మనకు కావలసిన కర్ర వైపు పొరపాటున కూడా చూడకూడదు. పక్కనున్న మిరపకాయ బజ్జీల బండి వైపు ప్రేమగా చూడాలి. వల మీది వలపు బజ్జీ మీద చూపించాలన్నమాట! అన్నిటికన్నా ముఖ్యం, భార్యను వెంట తీసుకెళ్లాలి. ఆవిడ మూతి విరుపుకు పది శాతం తగ్గుతుంది. నిట్టూర్పుకు ఇంకో పది. మా ప్రిస్కిల్లా అయితే వాచీ చూసుకుని "పదండి" అని ఒక్క మాట అంది. అంతే, రీలు ఫ్రీ అయిపోయింది!

"హుక్కులు మాత్రం వేరే కొనాలి సార్" అన్నాడు వాడు.

"ఏమిటీ! ఉక్కు కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కిన ప్రాంతం నాయనా మాది. హుక్కు మా హక్కు!" అని అరిచాను.

చుట్టుపక్కల నలుగురు చప్పట్లు కొట్టారు. హుక్కులూ ఫ్రీ! ఆ ఊపులో రబ్బరు వానపాములు కొట్టేశాను. శాకాహార ఎర అన్నమాట. ఎండ టోపీ కొట్టేశాను. ఒంటి నిండా జేబులున్న చొక్కా ఒకటి ఇచ్చాడు. జేబులైతే బోలెడు గానీ, బిల్లు కట్టాక వాటిలో పెట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

బిగినర్ కిట్టు అని రాసిన పెట్టె మీద ఎమ్మార్పీ మూడు వేలు. నేను ఇచ్చింది జీఎస్టీతో కలిపి వెయ్యి. అంటే గంటలో రెండు వేలు సంపాదించాను! గంటకు రెండు వేలు సంపాదించే మొగాడు మా అత్తవారి వంశంలో ఇంకొకడున్నాడా? పెట్టె మీద బొమ్మలోని విదేశీ చేప కూడా నన్ను చూసి గర్వంగా నోరు తెరిచింది.

"సేపలు మన గుమ్మంలోకే వస్తన్నాయి కదండీ. మనమెల్లి పిలవడం దేనికి?" అంది ప్రిస్కిల్లా.

"కిట్టు గిట్టుబాటు అయిందా లేదా, అది చెప్పు!" అన్నాను.

ఆవిడ సిటీ బస్సులో ఇంటిదాకా కర్రను అడ్డంగా పట్టుకుని కూచుంది. ఎక్కిన ప్రతివాడూ దానికి తగిలి సారీ చెప్పాడు. చూశారా, కొన్న మొదటి రోజునుంచే గౌరవం!

ఇక్కడ మా సంఘం గురించి చెప్పాలి. మాది బాప్టిస్టు సంఘం. ఏటా నవంబరు చివర కోత పండుగ చేసుకుంటాం. పండించినవాడు పండించినదీ, పెంచినవాడు పెంచినదీ తెచ్చి బల్ల మీద పెడతాం. ఆరాధన అయ్యాక బయట చెట్ల నీడన వాటిని వేలం వేస్తాం. మా ఆవిడ అన్నయ్య బెన్హర్ జూట్ మిల్లులో పనిచేస్తాడు గానీ, దొడ్లో గుమ్మడికాయలు మాత్రం జమీందారులా పండిస్తాడు. ఏటా ఒక కాయ మోసుకొచ్చి, దాన్ని దించుతూ నా వైపు చూసి "బావా, కాస్త సెయ్యేస్తావా?" అంటాడు. ఆ చూపు బరువు ఆ కాయకు లేదు.

అందుకే, పండుగకు ఎవరెవరు ఏం తెస్తారో చెప్పమని సంఘపెద్ద ప్రకాష్ ప్రకటనల వేళ అడగ్గానే, నేను లేచి నిలబడ్డాను.

"ఈ ఏడు మా ఇంటి నుంచి, నా చేత్తో నేను పట్టిన చేప!"

పాస్టరుగారు "ఆమెన్" అన్నారు. సంఘమంతా "ఆమెన్" అంది. ఆమెన్ అన్నాక ఇక డిస్కౌంటు ఉండదు.

ధరల కోత చూసి కొన్నవాడు కోతలు కొయ్యకుండా ఉంటాడా? ఆ కోతలతో ఊరుకున్నానా? ప్రిస్కిల్లా కోత పండుగ కోసమని ఏడాదిగా ఒక పుంజును పెంచుతోంది. "చేప ఉండగా కోడెందుకు?" అని, బెన్హర్ భోజనానికి వచ్చిన ఆదివారం దాన్ని కోయించేశాను. పులుసు బ్రహ్మాండంగా కుదిరింది. ఆవిడ మాత్రం ఆ పూట చారన్నం తింది.

ఇక మిగిలింది చేప పట్టడం. అదెంతసేపు!

చంపావతి ఏరు మా ఊరి పక్కనే. చొక్కా తొడుక్కుని, టోపీ పెట్టుకుని, తెల్లారగానే వెళ్లాను. మొదటి విసురుకు నా టోపీయే పడింది. రెండో విసురుకు ఎవరిదో చెప్పు పడింది. ఒంటికాలి చెప్పు. రెండోది పడితే జత అవుతుందని ఆ పూటంతా ఆశపడ్డాను. బేరం తెలిసినవాడి బుద్ధి కదా!

గేదెలను కడుగుతున్న అప్పలసూరి నా దగ్గరకొచ్చాడు.

"ఏటి బాబూ, ఏట్లో ఏటి సేస్తన్నారు?"

"చేపలు పడుతున్నాను."

"ఈ గోతిలోనా?" అని వాడు నా ముందున్న నీళ్లలోకి వంగి చూశాడు. "నిన్న ఈ గొయ్యి లేదు కదండీ! రేత్తిరి లారీలొచ్చి ఇసక తవ్వుకెల్నాయి, ఊట ఊరినాది. దీన్లోకి సేప ఎలగొస్తాది? అది కూడా లారీ ఎక్కొస్తాదా?"

"ప్రయత్నం చెయ్యాలి కదా సూరీ."

"సెయ్యండి, సెయ్యండి. కర్ర మాత్రం సేనా బాగున్నాది. ఓపాలిత్తే జాంకాయలు కోసుకుంటాను."

ఇచ్చాను. కోసుకున్నాడు. నాకూ రెండిచ్చాడు. ఆ కర్రతో ఆ ఏట్లో నాకు దక్కిన ఫలం, ఫలితం అవే!

పండుగ దాకా రోజూ వెళ్లాను. రోజుకో కొత్త గొయ్యి. కొత్త గొయ్యి, కొత్త కర్ర, కొత్త మనిషి. అందరం బిగినర్లమే! రబ్బరు వానపాములను చూసి కప్పలు కూడా మొహం తిప్పుకున్నాయి. సంఘం వాట్సాప్ గ్రూపులో బెన్హర్ రోజూ ఉదయం వాక్యం పెట్టి, దాని కింద నాకు ప్రత్యేకంగా రాసేవాడు: "బావా, సేప పడ్డాదా, నువ్వే పడ్డావా?" దానికి పాస్టరమ్మగారు కూడా నవ్వు బొమ్మ పెట్టారు.

పండుగ ముందురోజు సాయంత్రం ప్రిస్కిల్లా చేటలో బియ్యం చెరుగుతూ అడిగింది.

"రేపు ఏటి పట్టుకెల్తాం?"

"దేవుడి చిత్తం."

"దేవుడి సిత్తం కాదు, మీ కోతలు. నేనీ ఇంటికొచ్చిన కాడ్నించి ఆ బల్ల మీద మనింటి చోటు కాళీగా లేదు. ఏమీ లేని ఏడు కరేపాకు కట్టైనా ఎట్టేను. రేపు స్త్రీల సమాజంలో నా మొకం ఎలగ సూపించుకోవాల? కోడినైనా ఉంచేరు కారు."

ఆవిడ గొంతులో వెక్కిరింపు లేదు. అదుంటే బాగుండేది.

"పోనీ, బజార్లో ఒకటి కొని..."

"దేవుడి బల్ల మీద అబద్ధమా?"

చేట పక్కన పెట్టి లోపలికెళ్లిపోయింది. ఇంట్లో మా చేతితో తెచ్చినదంటూ ఏముందని వెతికాను. ఒక్కటే కనిపించింది.

మర్నాడు బల్ల మీద వరి కంకులు, కొబ్బరికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు, బెన్హర్ గుమ్మడికాయ. వాటి మధ్య పెట్టెతో సహా నా కిట్టు! పాస్టరుగారు కళ్లు మూసుకుని "ప్రభువా, నీ బిడ్డలు పండించిన ఈ పంటను..." అని మొదలుపెట్టి, మధ్యలో ఒక కన్ను తెరిచి, పెట్టె మీద విదేశీ చేపను చూసి, కొంచెం ఆగి, "మరియు ఇతర సామగ్రిని" అని ముగించారు.

తర్వాత వేలం. మా వేలం సంగతి తెలియనివారికి చెబుతున్నాను, అక్కడ లోకమంతా తలకిందులు. ఒక్క గుడ్డు యాభై రూపాయలకు పోతుంది. కొన్నవాడు నవ్వుతాడు! ఎంత ఎక్కువ పెడితే అంత నవ్వుతాడు. ఎవడూ ఫ్రీ ఏమిటని అడగడు. మనం తెచ్చినది చవగ్గా పోతే మాత్రం మనకే నామోషీ. అందుకే ఎవరి సొరకాయను వాళ్లే పాడుకుని ఇంటికి మోసుకుపోవడం కూడా మామూలే.

గుమ్మడికాయ అయిదు వందలకు పోయింది. ప్రకాష్ నా కర్రను పైకెత్తాడు.

"గాలం కర్ర! తోడుగా రీలు, టోపీ, రబ్బరు పురుగులు! పాట ఎవరిది?"

ఎవరిదీ కాదు. చెట్టు మీద కాకి కూడా ఊరుకుంది.

"పది రూపాయలు!" అన్నాడు బెన్హర్. "టోపీ బాగున్నాది. మా దొడ్లో దిష్టిబొమ్మకి ఎడతాను."

అందరూ నవ్వారు. నా రక్తం మరిగింది. వెంటనే లేచి, ఇన్నాళ్ల అభ్యాసంతో గొంతు చించుకుని అరిచాను.

"అయిదు!"

ఏం చెయ్యను? నోరు ఎగ్జిబిషన్‌కు అలవాటు పడిపోయింది! ఎవడైనా ధర చెబితే సగానికి అడగడం తప్ప దానికి ఇంకో విద్య రాదు.

"అన్నయ్యా, మేం పైకెల్తంటే మీరు దిగిపోతన్నారేటి!" అన్నాడు ప్రకాష్. పాస్టరుగారు బైబిలు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను తల దించుకున్నాను.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి ఒక గొంతు వినిపించింది.

"వెయ్యి."

ప్రిస్కిల్లా! లేచి నిలబడింది. నా వైపు చూడలేదు.

"వెయ్యిన్నూరు!" అన్నాడు బెన్హర్, చెల్లెలితో పంతానికి.

"రెండువేలు!" అన్నాను నేను. ఈసారి జాగ్రత్తగా, పైకి.

"మూడువేలు" అంది ప్రిస్కిల్లా.

ప్రకాష్ తల గోక్కున్నాడు. "వదినా, అన్నయ్య రెండువేలన్నాడు, మీరు మూడంటన్నారు. ఒకే ఇల్లు కదా!"

"ఆయన పాట ఆయనది, నా పాట నాది. నువ్వు పాడు."

"మూడువేల యాభై!" అన్నాడు బెన్హర్, నుదురు తుడుచుకుంటూ.

"ఇంకో యాభై ఎయ్యి" అంది ఆవిడ.

బెన్హర్ కూచున్నాడు. మూడువేల నూరు! ఒకటోసారి, రెండోసారి, మూడోసారి! స్త్రీల సమాజమంతా లేచి చప్పట్లు కొట్టింది. ఎమ్మార్పీ అనేది కొట్టెయ్యడానికే అచ్చువేసే అంకె. భూమి మీద ఇంతవరకు ఎవరూ దాన్ని చెల్లించి ఉండరు. మా ఆవిడ చెల్లించి, పైన నూరు వేసింది! అదీ ఇంటి ఖర్చు డబ్బు. అంత డబ్బు పోయినా ఆవిడ మొహం చూడాలి, పెళ్లినాడు కూడా అంత వెలగలేదు. షోలో రెండు వేలు మిగిల్చిన రోజున మరి నా మొహం అలా ఎందుకు వెలగలేదో, ఆర్థికవేత్తలు చెప్పాలి.

అంతటితో అయిపోయిందనుకున్నాను. పాస్టరుగారు మైకు తీసుకున్నారు.

"సోదరుడి మాట చేప కదా. చేప రాలేదు. తొందరేం లేదు, వచ్చే ఏటికి ఉంచుదాం."

"ఆమెన్!" అంది సంఘం. అందరికన్నా గట్టిగా అన్నది మా ఆవిడే.

కనుక అవుట్‌డోర్ షో నిర్వాహకులకు బహిరంగంగా మనవి చేసుకుంటున్నాను. మీ షో ఈసారి శ్రీకాకుళంలో అట కదా, వస్తాను. నాకు కర్ర ఉంది, రీలుంది, ఎర ఉంది, ఎదురుచూసే సంఘం ఉంది. మీ దగ్గర బిగినర్లకు పనికొచ్చే ఏరు ఒకటి ఉంటే తీసి ఉంచండి. పెద్దది అక్కర్లేదు. మోకాలి లోతు నీళ్లు, ఒక్క చేప ఈదేపాటిది చాలు. బేరం ఆడను. ఫ్రీ ఏమిటని అడగను.

మాకూ ఒక ఏరుండేది. ఒక్కో లారీ చొప్పున ఎవరో పట్టుకుపోతున్నారు. ఎవరు పాడుకున్నారో, ఎంతకు పాడుకున్నారో ఊళ్లో ఎవరికీ తెలియదు. వేలం వేస్తున్నట్టు మాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే మా ప్రిస్కిల్లా లేచి నిలబడేది!