షైనీ గ్రేడుకు నాలుగు నకళ్లు

మంగళవారం పొద్దున షైనీ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉదయగిరిలో ఏడున్నర బస్సెక్కాలి, ఆత్మకూరులో దిగాలి, కాలేజీలో ఎకనామిక్స్ చూసే చెంచమ్మ మేడం చేతిలో ఒక కాగితం పెట్టాలి. మేడం దిద్దిన కాలేజీ ఇంటర్నల్ పరీక్షలో తనకు సి గ్రేడు ఎందుకొచ్చిందో వివరించమని అందులో మూడే మూడు వాక్యాలున్నాయి. అది సి గ్రేడు కాదు, ఛీ గ్రేడని షైనీ అభిప్రాయం. శుక్రవారం సాయంత్రం అయిదులోగా అది బి కాకపోతే పీజీ సీటు పోతుంది. బి లేకపోతే భవిత లేదన్నమాట.

చెప్పులు తొడుక్కుంటుంటే వాళ్ల నాయన జోసెఫ్ ఆ కాగితం అందుకున్నాడు. ఆయన కాలేజీలను చూసే ఒక సర్కారీ ఆఫీసులో గుమాస్తా. ఇరవయ్యారేళ్లుగా కాపురం ఫైళ్లతోనే. ఇంట్లో కాపురం ఆదివారాలు మాత్రమే.

"ఏందిమే ఇది? నంబరు లేదు, విషయం లేదు, సూచిక లేదు. ఇది అర్జీనా, అంగడి చీటీనా?"

"మేడం చూస్తే చాల్లే నాయనా. రెండు నిమిషాల పని."

"రెండు నిమిషాల్లో అయ్యేదాన్ని ఎవురు లెక్కజేస్తారు? కాగితమన్నాక ప్రాపర్ ఛానల్లో పోవాల."

మూడు వాక్యాలు మూడు పేజీలయ్యేలోపు బస్సు వెళ్లిపోయింది. సకల కళల్లోనూ జోసెఫ్‌కు నకలు కళంటే ప్రాణం. నాలుగు నకళ్లు తీయించి, ప్రిన్సిపాలుకొకటి, తన ఆఫీసుకొకటి, పై ఆఫీసుకొకటి, దాని పై ఆఫీసుకొకటి పంపాడు. సంగం ఆనకట్ట దగ్గర ఛానల్లో వదిలిన నీళ్లు ఏదో ఒక మడికి చేరతాయి. ప్రాపర్ ఛానల్లో వదిలిన కాగితానికి ఆ హామీ లేదు. పై ఆఫీసు దాన్ని పైపైనే చూసి, "తక్షణం విచారించండి" అంటూ ప్రిన్సిపాలుకు వాట్సాప్‌లో పెట్టింది.

బుధవారం షైనీ వెళ్లేసరికి చెంచమ్మ మేడం తలుపు సగమే తీసింది.

"నీ పేపరు నిన్ననే చూసినాను షైనీ. కానీ ఇప్పుడేమీ చెప్పకూడదు. విచారణ నడస్తా ఉండాది."

"ఎవురి మీద మేడం?"

"నా మీద. నీ మీద కూడా అనుకుంటా."

విచారణలో మూడొంతులు విచారమేనని షైనీకి అప్పుడు తెలిసింది.

గురువారం విచారణాధికారి వరదయ్య ఉదయగిరి వచ్చాడు. ముందు పక్కింట్లో అడిగి, తర్వాత జోసెఫ్ ఇంటి తలుపు తట్టాడు. ఇంట్లో షైనీ అవ్వ శీనమ్మ ఒక్కతే ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి పక్కింట్లో వాకబు చేసి మరీ వచ్చి, పిల్ల ఎట్లాంటిది, చదువెట్లా అని అడిగితే అది ఏ పనో శీనమ్మకు ఒకరు చెప్పాలా? కుర్చీ వేసి, కాఫీ ఇచ్చింది.

"చదువంటారా? దాని మీద ధ్యాసే లేదు నాయనా. పుస్తకం తెరిస్తే నిద్రపోతది," అంది శీనమ్మ. ఎక్కువ చదివిన పిల్లంటే మగపెళ్లివారు జంకుతారని ఆమె భయం. "చేపల పులుసు మాత్రం మా పిల్లే పెట్టాల. ఇంతకీ అబ్బాయి ఏం చేస్తాడు?"

"ఏ అబ్బాయి?" అన్నాడు వరదయ్య.

"మొహమాటపడబాకండి, చెప్పండి."

వరదయ్య చెప్పలేదు గానీ రాసుకున్నాడు. "స్థానిక విచారణలో అభ్యర్థికి చదువుపై ధ్యాస లేదని కుటుంబసభ్యులే తెలిపారు. సి గ్రేడు ఉదారంగానే ఇచ్చినట్టు కనబడుతోంది. చేపల పులుసు ఈ విచారణ పరిధిలోకి రాదు."

ఆ నివేదిక శుక్రవారం పొద్దున, కింది ఆఫీసు అభిప్రాయం కోసం, సాక్షాత్తూ జోసెఫ్ బల్ల మీదికే దిగింది. తన కూతురికి చదువు రాదని తన తల్లి చెప్పిన మాట నిజమేనని తాను సంతకం పెట్టాలి. ఇరవయ్యారేళ్లలో మొదటిసారి జోసెఫ్ ఒక ఫైలు మూసి, సెలవు పెట్టి, కూతురితో ఆత్మకూరు బస్సెక్కాడు.

చెంచమ్మ మేడం ఈసారి తలుపు పూర్తిగా తీసింది.

"సార్, అర్జీ నడిచినన్నాళ్లు నేను కారణం చెప్పకూడదు, మార్కులు ముట్టకూడదు. వివరణ అక్కర్లేదని పిల్ల రాసిస్తే అర్జీ ఉండదు. అప్పుడు అయిదులోగా నేను చేయాల్సింది చేస్తా."

గడియారం నాలుగున్నర చూపిస్తోంది. షైనీ ఒకే వాక్యం రాసి తండ్రి వైపు చూసింది.

"నంబరు వెయ్యాల్నా నాయనా?"

"ముందు ఇయ్యిమే."

అయిదుకు పది నిమిషాల ముందు సి పోయి బి వచ్చింది. సీటూ దక్కింది.

అసలు ఆ సి ఎందుకొచ్చిందో మాత్రం ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ తెలియదు, అడగబోమని రాతపూర్వకంగా ఇచ్చారు గదా.