అట్ట మీద గుర్రం

ఆ ఉదయం సంపాదకురాలి పథకం చాలా చిన్నది: పిల్లల కథల పుస్తకాన్ని మధ్యాహ్నంలోగా అచ్చుకు పంపి, పెందలాడే ఇల్లు చేరడం. పాత కథనే తిరగరాసింది. కోటలో బందీ అయిన రాకుమారి ఎవరికోసమూ ఎదురుచూడకుండా, రాక్షసుణ్ణి మాటల్లో పెట్టి, తాళంచెవి కాజేసి, మెట్లు దిగి వచ్చేస్తుంది. "ఎప్పుడూ రాకుమారి పడుకునే ఉంటే, ఇక కథ ఎవరిదమ్మా?" అని ఇంట్లో కూతురు నిలదీశాక రాసిన కథ అది. మొదటి ప్రతి దానికే ఇస్తానని మాట కూడా ఇచ్చింది.

అయితే ఆ ప్రచురణ సంస్థలో ఒక సదాచారం ఉంది. కథకంటే ముందు అట్ట అచ్చవుతుంది. బొమ్మలాయన ఏళ్ల తరబడి పుస్తకం పేరు మాత్రమే విని అట్ట వేస్తున్నాడు. కథ చదివితే చెయ్యి ఆడదని ఆయన నమ్మకం. ఈసారీ అలాగే వేశాడు. తెల్లగుర్రం మీద శిరస్త్రాణం తొడిగిన వీరుడు, అతని చేతుల్లో పట్టు గౌనుతో, మేలిముసుగుతో మూర్ఛపోయి వాలిన రాకుమారి.

"నా కథలో రాకుమారుడే లేడండీ," అంది సంపాదకురాలు.

"అట్టలన్నీ అచ్చయిపోయాయమ్మా. కథ ఇంకా కాలేదుగా," అన్నాడు యజమాని, తప్పెవరిదో తేల్చేస్తూ. "ఓ రాకుమారుణ్ణి పడెయ్యండి. ఎంతసేపు పని?"

పడేసింది. "ఊరికే వచ్చి నిలబడితే ఎలాగండీ? అతనూ ఏదో ఒకటి చెయ్యాలిగా," అన్నాడు అమ్మకాల మేనేజరు. రాకుమారుడి చేత కత్తి పట్టించింది. "చిన్నపిల్లల పుస్తకంలో కత్తులేంటమ్మా?" అన్నాడు యజమాని. కత్తి తీసేసి, రాక్షసుడే కాలుజారి పడేట్టు రాసింది. "తాళంచెవి కొట్టేసిన పిల్ల మూర్ఛపోతుందా? ఎవరు నమ్ముతారండీ? ఆ తాళంచెవి ముక్క తీసెయ్యండి," అన్నాడు మేనేజరు. అదీ తీసేసింది. భోజనాల వేళకు కథానాయిక కాస్తా గుర్రం మీద వేసుకెళ్లే మూటయింది.

సంపాదకురాలు తల పట్టుకు కూర్చుంది. ఏ మొహం పెట్టుకుని కూతురి చేతికి ఈ పుస్తకం ఇవ్వాలి? బొమ్మలాయన నేరం చేసినవాడిలా వచ్చి, ఫ్యాను ఆమె వైపు తిప్పి నిలబడ్డాడు.

"ఏమనుకోకు తల్లీ. నాకసలు మొహాలు రావు. అందుకే ఒకరికి ఇనపటోపీ, ఒకరికి ముసుగు వేసి కప్పెట్టేస్తాను."

ఆమె అట్టను దగ్గరికి లాక్కుంది. నిజమే. ఎవరి మొహమూ కనబడడం లేదు.

కాసేపట్లో రాకుమారి మళ్లీ తాళంచెవి కాజేసింది. ఆమెను విడిపించవచ్చిన రాకుమారుడు రాక్షసుణ్ణి చూస్తూనే నిలువునా కూలిపోయాడు. కాపలావాళ్ల కళ్లు కప్పడానికి ఆమె అతని కవచం, శిరస్త్రాణం తాను తొడుక్కుంది. కవచం విప్పిన రాకుమారుడు బాలసాహిత్యానికి తగడు కనుక, తన పట్టు గౌను అతనికి చుట్టి, చలిగాలికి ముసుగు కప్పి, చేతుల్లో వేసుకుని గుర్రమెక్కి వాళ్లమ్మకు అప్పగించింది.

కాగితాల వైపు చూడకుండానే యజమాని అడిగాడు. "రాకుమారుడున్నాడా?"

"ఉన్నాడండీ."

"గుర్రం?"

"ఉందండీ."

"మూర్ఛ?"

"అదీ ఉందండీ."

"ఇదేదో పొద్దున్నే చేసుంటే సరిపోయేదిగా. పంపించెయ్యండి."

మూర్ఛ ఎవరికొచ్చిందని ఆయన అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పి పెద్దవాళ్లను ఇబ్బంది పెట్టే అలవాటు ఆమెకు లేదు.