కొత్తరేవు బస్సు, కెరీర్ క్లబ్బు

"ఈ రోజు నుంచి నా నియోజకవర్గంలో భవిష్యత్తు లేని పిల్లాడు ఒక్కడు కూడా ఉండడానికి వీల్లేదు" అని మా ఎమ్మెల్యే నగరేశ్వరరావు గారు మైకులో ప్రకటించినప్పుడు నేను ముందు వరసలోనే కూర్చుని ఉన్నాను. హైస్కూలు గేటుకి ఎదురుగా నాకు పుస్తకాల షాపుంది. సభకి చార్టులూ రంగు కాగితాలూ సప్లై చేసింది నేనే. ఆ విధంగా చరిత్రని దగ్గర్నుంచి చూసే అదృష్టం నాకు దక్కింది.

కార్యక్రమం పేరు 'ఉజ్జ్వల భవిత కెరీర్ క్లబ్బు'. రాజధానిలో పుట్టిన పథకం; నియోజకవర్గానికో క్లబ్బు, దాని హాజరుని బట్టి ఎమ్మెల్యేకో ర్యాంకు. ఆరు, ఏడు, ఎనిమిది క్లాసుల పిల్లల్ని బడి వదిలాక మళ్ళీ కూర్చోబెట్టి, రేపు ఏ కాలేజీలో చేరాలో, ఎల్లుండి ఏ ఉద్యోగం చెయ్యాలో ఇప్పట్నించే తయారుచేస్తారు. కోటబొమ్మాళి నుంచి భావనపాడు వరకూ ఇలాంటిది ఎవరూ కనీవినీ ఎరగరు.

"ఆ వయసులో నాకు గైడెన్సు ఇచ్చే నాథుడు లేడు. అందుకే ఇలా రాజకీయాల్లోకి వచ్చి పడ్డాను" అన్నారు ఎమ్మెల్యే గారు. ఆ నిజాయితీకి నాకు కళ్ళు చెమర్చాయి.

పిల్లలంతా తమ భవిష్యత్తు వేషాల్లో రావాలని ఆర్డరు. వేషాలు శ్రీకాకుళంలో అద్దెకిచ్చే షాపు నుంచి వచ్చాయి. డాక్టరు కోట్లూ పోలీసు డ్రెస్సులూ సగంమందికే సరిపోయాయి. మిగతావాళ్ళకి షాపువాడు తన దగ్గర ఏవుంటే అవి పంపేశాడు. అందుచేత ఏడో క్లాసు దేవేంద్ర నెమలిపింఛం పెట్టుకుని, చేత్తో పిల్లనగ్రోవి పట్టుకుని లైన్లో నిలబడ్డాడు.

"నువ్వేటవుతావురా?" అనడిగారు ఎమ్మెల్యే గారు.

"దేవుణ్ణవుతాను సార్."

ఆయన కాసేపు ఆలోచించారు. "మంచి స్కోపుంది. కష్టపడు" అని భుజం తట్టి ముందుకి కదిలారు.

ఆ పక్కన యమున. ఎనిమిదో క్లాసు, కొత్తరేవు పిల్ల. తను చెప్పిన ఉద్యోగానికి షాపులో వేషమే లేదట. బడి యూనిఫారంలోనే నిలబడింది.

"రైలు నడుపుతాను సార్" అంది.

ఎమ్మెల్యే గారు ఇబ్బంది పడ్డారు. "రైలు సెంట్రల్ సబ్జెక్టమ్మా. అది నా చేతిలో లేదు. స్టేటు కిందకొచ్చేదేదైనా సెప్పు."

"బస్సు స్టేటు కిందకొస్తాది కదా సార్?"

"వస్తాది."

"అయితే మా ఊరి బస్సుని ఆరు గంటలకి మార్చీండి సార్. క్లబ్బయ్యేసరికి అది ఎల్లిపోతాది."

మైకు దూరంగా ఉండడం వల్ల జనానికేమీ వినపడలేదు. అయినా చప్పట్లు బాగా పడ్డాయి.

ఆ పిల్ల గోల ఏమిటో నాకు తెలుసు. మా ఊరి నుంచి కొత్తరేవుకి సాయంత్రం ఒకటే బస్సు. బడి నాలుగింటికి వదులుతారు, బస్సు నాలుగుంపావుకి కదులుతుంది. అది తప్పితే సరుగుడు తోటల మధ్య నుంచి సముద్రం దాకా నడకే. యమున తల్లి జగ్గమ్మ నా షాపులోనే, పెన్ను కొంటూ, కూతురితో తేల్చి చెప్పేసింది. "బస్సున్నన్నాళ్ళే సదువు. సీకటి పడ్డాక ఆడగుంటని ఆ తోటల్లోంచి రానివ్వను. బస్సు తప్పిందా, మర్నాటి నుంచి రొయ్యల షెడ్డే." రొయ్యల తలలు తీసే షెడ్డు కొత్తరేవులోనే ఉంది. దానికి బస్సుతో పని లేదు. ఆ విషయంలో మా ప్రాంతం చాలా అభివృద్ధి చెందింది.

క్లబ్బు కోఆర్డినేటరుగా జయకృష్ణని వేశారు. ఎమ్మెల్యే గారి మేనల్లుడు. ఉద్యోగాల గురించి అతనికున్న అనుభవం జిల్లాలో ఇంకెవరికీ లేదు. డిగ్రీ అయిన దగ్గర్నుంచీ వెతుకుతూనే ఉన్నాడు. మొదటి వారం టై కట్టుకోవడం నేర్పాడు. రెండో వారం షేక్‌హ్యాండు. మూడో వారం ఇంటర్వ్యూ.

"ఐదేళ్ళ తరవాత నువ్వెక్కడుంటావు? కాన్ఫిడెంటుగా చెప్పు" అనడిగాడు దేవేంద్రని.

"ఐదేళ్ళలో ఎలచ్చన్లొస్తాయి కదా సార్. ముందు మీరెక్కడుంటారో సెప్పండి."

ఈ పిల్లాడికి కమ్యూనికేషన్ స్కిల్సు అవసరానికి మించి ఉన్నాయని జయకృష్ణ గ్రహించాడు. వాటిని తగ్గించడానికి రోజూ అరగంట కేటాయించాడు.

హెడ్‌మిస్ట్రెస్ అనూరాధ మేడమ్ నెమ్మదస్తురాలు. ఆవిడ జయకృష్ణ దగ్గరికెళ్ళి, "కొత్తరేవు పిల్లల్ని నాలుగింటికి వదిలేద్దామండీ, బస్సుంది" అంది.

"హాజరు యాప్‌లో మొహాలు ఐదున్నరకి పడాలి మేడమ్."

"నాలుగింటికి తీసెయ్యండి ఫొటో."

"నాలుగింటి మొహాన్ని ఐదున్నర మొహంగా యాప్ ఒప్పుకోదు. మావయ్య ర్యాంకు పడిపోద్ది."

మర్నాటి నుంచి నాలుగింటికి గేటుకి తాళం పడింది. యమున పుస్తకాల సంచీ ముందు విసిరేసి, తరవాత తను ప్రహరీ దూకేది. ఎదురుగా నా షాపు. "జగన్నాధం మావా, బస్సెల్లిపోనాదేటి?" అనేది. నేను కండక్టరు మీద అరిచేవాణ్ణి. "ఒరే, రెండు నిమషాలాగితే నీ సొమ్మేటి పోద్దిరా? గుంట రాలేదు, కనపడతం లేదా?" వాడు తిట్టుకుంటూ ఆపేవాడు. ఎక్కేది. కిటికీలోంచి చెయ్యూపేది. అలా కొన్నాళ్ళు గడిచాయి. ఆ పిల్ల గోడ దూకడం చూసి జయకృష్ణ ఆమెకి 'లీడర్‌షిప్ లోపం' అని మార్కు వేశాడు.

చివరికి అనూరాధ మేడమ్ నన్ను కూడా వెంటబెట్టుకుని ఎమ్మెల్యే గారింటికి వెళ్ళింది. ఆయన అంతా విన్నారు. మనసు కరిగిపోయింది. "ఒక ఆడపిల్ల బస్సు కోసం గోడ దూకడమా? నా నియోజకవర్గంలోనా?" అని అప్పటికప్పుడు డిపో మేనేజరుకి ఫోన్ చేశారు. స్పీకర్లో పెట్టి మాకూ వినిపించారు. "ఆ బస్సు సంగతి తేలిపోవాలి. ఈ వారంలోనే."

మాట తప్పే మనిషి కాదాయన. ఆ వారంలోనే తేలిపోయింది. బస్సుకి కొత్త రంగేశారు. ఒక పక్క ఎమ్మెల్యే గారి ఫొటో, రెండో పక్క కూడా ఎమ్మెల్యే గారి ఫొటో, మధ్యలో 'భవిత రథం'. ఇంకో నాయకుడైతే టైము మార్చి ఊరుకునేవాడు. మా నాయకుడు బస్సునే క్లబ్బుకి ఇచ్చేశారు. ఇకమీదట పిల్లల్ని పెద్ద పెద్ద కాలేజీలు చూడడానికి తీసుకెళ్తుంది.

మేమిద్దరం మళ్ళీ ఆయనింటికి వెళ్ళాం. అనూరాధ మేడమ్ అడిగింది. "సార్, మరి కొత్తరేవుకి?"

"కొత్తరేవులో కాలేజీల్లేవు కదమ్మా. అక్కడికి తీసుకెళ్ళి పిల్లలకి ఏటి సూపిస్తాం?"

తర్కానికి ఎదురు లేదు. మేమిద్దరం టీ తాగి వచ్చేశాం.

రథం తొలి యాత్రకి యమున కూడా ఎక్కింది. ఎక్కక చస్తుందా, ఊరికెళ్ళే బస్సు అదొక్కటే కదా, తిరుగు దారిలోనైనా కొత్తరేవులో దింపుతారని ఆశ. శ్రీకాకుళంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ముందు ఆగారు. ఆ రోజు రెండో శనివారం కావడంతో గేటు మూసి ఉంది. పిల్లలు గేటుని దగ్గర్నుంచి పరిశీలించారు. గేటుతో ఫొటోలు దిగారు. తిరిగి మా ఊరొచ్చేసరికి దీపాలు పెట్టేశారు.

జగ్గమ్మ అప్పటికే టార్చిలైటు పట్టుకుని తోటలమ్మట నడిచొచ్చి నా షాపు మెట్లమీద కూచుని ఉంది. కూతురు దిగాక తిట్టలేదు, కొట్టలేదు. "అయిపోనాదే" అంది. "రైలూ వద్దు, బస్సూ వద్దు. పద."

"ఈ ఒక్కసారికే అమ్మా" అంది యమున. ఏడ్చేసింది. ఎప్పుడూ ఏడవని పిల్ల. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏం చెయ్యాలో తెలీక షట్టరు దడాల్న లాగి ఇంటికి పోయాను.

నెల తిరిగేసరికి కొత్తరేవు ఆడపిల్లలు ఒక్కరూ బడికి రావడం లేదు. యాప్ ఎర్రగా మారింది. జయకృష్ణకి నిద్ర పట్టలేదు. ఆ బాధలోంచే ఒక గొప్ప ఆలోచన పుట్టింది. క్లబ్బు లక్ష్యం ఏమిటి? పిల్లల్ని కెరీర్‌లో నిలబెట్టడం. కొత్తరేవు పిల్లలు ఎక్కడున్నారు? సీఫుడ్ ప్రాసెసింగ్ రంగంలో. యాప్‌లో 'కెరీర్ సాధించినవారు' అనే చోట అందరి పేర్లూ ఎక్కించేశాడు.

అనూరాధ మేడమ్ ఆ పేర్లన్నీ చదివింది. "పదమూడేళ్ళ పిల్లల్ని పనిలో పెట్టడం నేరమండీ."

"నాకు తెలీదా మేడమ్? అందుకే 'ఇంటర్న్‌షిప్' అని పెట్టాను."

రాజధానిలో కంప్యూటర్లు కదిలిపోయాయి. మిగతా నియోజకవర్గాల క్లబ్బులన్నీ పిల్లల్ని ఇంకా తయారుచేస్తూనే ఉన్నాయి, మాది ఫలితాలే తెచ్చేసింది. ఉత్తమ క్లబ్బు అవార్డు మాకే. వార్షికోత్సవానికి పెద్ద పెద్ద ఆఫీసర్లు వచ్చారు. రథాన్ని కొబ్బరాకులూ బంతిపూలతో అలంకరించి కొత్తరేవు పంపారు. విజేతలు తల్లులతో సహా దిగారు.

యమునని స్టేజీ మీదకి పిలిచి, 'తొలి ప్లేస్‌మెంట్' అని చెక్కిన పెద్ద మెమెంటో చేతికిచ్చారు. ఐసులో పనిచేసి ఆ పిల్ల వేళ్ళన్నీ పగిలి ఉన్నాయి. పట్టుకోవడం కష్టంగా ఉంది. జయకృష్ణ మైకందించి, "క్లబ్బు వల్ల నీకు జరిగిన మేలు రెండు ముక్కల్లో చెప్పు" అన్నాడు.

యమున మెమెంటోని టేబులు మీద పెట్టి ఎమ్మెల్యే గారి వైపు తిరిగింది. "రేపు కూడా ఈ బస్సు మా ఊరొస్తాదా సార్? వస్తే బడికొస్తాను. మాయమ్మ ఒప్పుకున్నాది."

ఈసారి మైకు బాగానే పనిచేసింది. హాలంతటికీ వినపడింది. ఎమ్మెల్యే గారు లేచి ఆ పిల్ల తలమీద చెయ్యేశారు.

"ఎందుకు రాదు తల్లీ? నేనున్నంతకాలం వస్తాది. ప్రతి ఏడాదీ, వార్షికోత్సవానికి, మీ గుమ్మం ముందే ఆగుతాది."

జయకృష్ణ చప్పట్లు మొదలెట్టాడు. ఆఫీసర్లు అందుకున్నారు. చాలాసేపు ఆగలేదు.

సభ అయ్యాక రథం అతిథుల్ని దింపడానికి శ్రీకాకుళం వెళ్ళిపోయింది. కొత్తరేవు వాళ్ళు మెమెంటోలు నెత్తిన పెట్టుకుని తోటల దారి పట్టారు.