దిష్టిబొమ్మకు బెల్టు

సూర్యాపేట శివారులో, కోదాడ వెళ్లే రోడ్డు పక్కన కడుతున్న షాపింగ్ కాంప్లెక్సులో భద్రతా నిబంధనలన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తున్న వ్యక్తి ఒకరున్నారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. తలకు పసుపుపచ్చ హెల్మెట్, ఒంటికి మెరిసే జాకెట్, చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు, భుజాలనూ నడుమునూ పట్టి ఉంచే కొత్త బెల్టు. ఆ బెల్టు తాడు గోడలోని ఇనుప కొక్కేనికి గట్టిగా కట్టి ఉంటుంది. ఎంత ఎండ కాసినా ఆయన హెల్మెట్ తీసి తల గోక్కున్నది లేదు. బీడీ కోసం తాడు విప్పింది లేదు.

ఆయన దిష్టిబొమ్మ.

కాంట్రాక్టరు రాజేందర్‌ను ఆలోచన లేని మనిషి అనుకోకండి. పక్క బిల్డింగు మీది నుంచి ఒకతను జారిపడి దవాఖాన పాలైనప్పుడు, రాజేందర్ అన్నం కూడా సరిగా తినకుండా కారణం వెతికాడు. దొరికింది. ఆ బిల్డింగుకు కట్టిన దిష్టిబొమ్మ చొక్కా చిరిగి ఉంది! ప్రమాదం తెచ్చేది దిష్టి. దిష్టిని ఆపేది బొమ్మ. కాబట్టి బొమ్మ క్షేమంగా ఉంటే అందరూ క్షేమం. వెంటనే మిర్యాలగూడ వెళ్లి, బేరమాడి, ఒక సెట్టు కొనుక్కొచ్చాడు. ఒకటే ఎందుకంటారా? బొమ్మ ఒకటే కదా.

బొమ్మ పక్కనే పరంజా మీద నిలబడి బయటి గోడకు ప్లాస్టరింగు చేసే మేస్త్రీ పేరు భద్రు. చివ్వెంల దగ్గరి తండా నుంచి భార్య నీలను బైకు మీద ఎక్కించుకుని వస్తాడు. ఆమె కింద సిమెంటు మాలు కలిపి తట్టలో మోస్తుంది. భద్రుకు కూడా రక్షణ ఏర్పాట్లు లేకపోలేదు. తలకు తువ్వాల ఉంది, నోట్లో దేవుడి పేరు ఉంది. పని చేస్తున్నంతసేపూ అతని చూపు మాత్రం బొమ్మ బెల్టు మీదికే పోయేది.

భద్రతా వారోత్సవాలకు ఒక అధికారి వచ్చాడు. కారు దిగి, తలెత్తి చూసి, చలించిపోయాడు.

"గమనించారా! మనం వచ్చినా అతను ఇటు తిరగలేదు. క్రమశిక్షణ అంటే అదీ! పక్కన తువ్వాల కట్టుకున్న మనిషిని చూడండి, పని మానేసి మనల్నే చూస్తున్నాడు. ప్రమాదాలకు మూలం ఇలాంటి నిర్లక్ష్యమే!"

అధికారిని సరిదిద్దడం మన సంస్కారం కాదు గనుక రాజేందర్ సరిదిద్దలేదు. ఉత్తమ సురక్షిత కార్మికుడికి తెచ్చిన శాలువాను తానే పైకి తీసుకెళ్లి బొమ్మకు కప్పాడు. భద్రుకు ఉపన్యాసం దక్కింది.

సభ ముగిశాక భద్రు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సార్, జర ఆ బెల్టు నాకియ్యుండ్రి. రేపటి సంది పైఅంచు పని. కాలుపెట్టే కర్ర కదుల్తున్నది."

"బొమ్మ బట్టలిప్పమంటవారా? అది బిత్తల నిలబడితె బిల్డింగు గతేంది? నీకేం భయం, నేను లేనా?"

ఉన్నాడు. కింద, నీడలో, కుర్చీలో ఉన్నాడు.

సద్ది తినేటప్పుడు నీల ముద్ద నోట్లో పెట్టుకోలేదు. "నువ్వు పడితె ఇంటికి నేనేం తీస్కపోవాలె? ఆ శాలువానా?"

"మరేం జెయ్యమంటవ్? బొమ్మకు తప్ప ఇయ్యడంట."

"అయితె నువ్వే బొమ్మవు గా."

"నేనా? మొఖమో?"

"దాని మొఖం గూడ పెట్టుకో. మీసాలు నీకంటె దానియే మంచిగున్నయి."

మర్నాడు రాజేందర్ రాకముందే ఇద్దరూ కలిసి బొమ్మను ఇటుకల చాటున పడుకోబెట్టారు. హెల్మెట్, జాకెట్, బూట్లు, బెల్టు, చివరికి నాలుక బయటపెట్టిన ఆ ముఖం కూడా భద్రు తగిలించుకున్నాడు. రాజేందర్ వచ్చి కింద నుంచి చూశాడు. బొమ్మ ఉన్నది. గోడ నున్నగా అవుతున్నది. మేస్త్రీ కనిపించడం లేదు. మూడింట్లో రెండు సవ్యంగా ఉన్నప్పుడు మూడోదాని గురించి అడగడం ఎందుకని ఊరుకున్నాడు.

ఒక మధ్యాహ్నం ఆ కర్ర జారనే జారింది. భద్రు కూడా జారాడు. బెల్టు పట్టుకుంది. నడిగాలిలో కాళ్లు కొట్టుకుంటూ వేలాడసాగాడు.

రోడ్డు మీద జనం పోగయ్యారు. కోదాడ పెద్దమనిషి ఒకాయన కారాపి అద్దం దించాడు. "ఎంత బాగా ఊగుతుందండీ! మా ఊళ్లో ఇలాంటి బొమ్మ లేదు. ఎక్కడ చేయించారో ఏమిటో!"

"ఓయ్! నేను భద్రును! పైకి గుంజుండ్రయ్యా!" అని పై నుంచి కేక.

"అరె, స్పీకర్ గూడ పెట్టించిండ్రు!" అంటూ షేర్ ఆటో నడిపే సైదయ్య ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు.

రాజేందర్ గుమ్మడికాయతో పరుగెత్తుకొచ్చాడు. "ఎవ్వరు ముట్టకుండ్రి! ఊగుతున్నదంటె దిష్టిని గుంజుకుంటున్నది!" అని కర్పూరం వెలిగించాడు. కొందరు దండం పెట్టారు.

నీల తట్ట కింద పడేసి మెట్లెక్కింది. ఆమె వెనక తోటి కూలీ ఆండాళు, ఆమె వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. నలుగురూ తాడు పట్టి లాగి భద్రును పైకప్పు మీదికి చేర్చారు. ముఖం ఊడి కిందపడింది. లోపల మనిషి కనిపించేసరికి జనం నిరాశపడ్డారు. సైదయ్య వీడియో ఆపేశాడు. మేస్త్రీ బతికి బయటపడితే ఎవరు చూస్తారు?

రాజేందర్ పైకొచ్చాడు. ఆయన కళ్లు చెమర్చాయి. "సూసినవారా, బొమ్మ మహిమ! దాని ఒంట్ల ఉన్నవు గనక బతికినవ్."

నీల మోచేత్తో పొడిచేసరికి భద్రు నోరు తెరిచాడు. "నిజమే సార్. కాని దిష్టి ఒక్క దిక్కు నుంచే వస్తదా? ఉత్తరం దిక్కు గూడ ఒక బొమ్మ ఉంటే..."

"గిన్ని దినాలు చెప్పకపోతివేందిరా!" అని రాజేందర్ అతణ్ని కౌగిలించుకున్నాడు.

ఉత్తరానికి బొమ్మ వచ్చింది, బొమ్మకు బెల్టు వచ్చింది. తర్వాత పడమటికి, ఆపైన మూలలకు, లిఫ్టు గుంతకు, నీళ్ల ట్యాంకుకు. మనుషులకు కొనమంటే చెయ్యి రానివాడు బొమ్మలకు మాత్రం వెనకాడలేదు. ఆ బొమ్మల వేషం వేసుకునే మేస్త్రీలకు ఒక్కటే షరతు పెట్టాడు, ముఖాలు తియ్యకూడదని. పైన పనిచేసే ప్రతివాడూ ఇప్పుడు నాలుక బయటపెట్టుకుని, బెల్టు కట్టుకుని క్షేమంగా గోడలు కడుతున్నాడు. మళ్లీ వచ్చిన అధికారి, ఈ స్థలంలో కార్మికులెవరూ లేనందున ప్రమాదానికి ఆస్కారం లేదని ప్రకటించి, టీ తాగి వెళ్లాడు.

మొన్న పై నుంచి ఇటుక పెళ్ల ఒకటి రాలి, తట్ట మోస్తున్న నీల పాదం ముందు పడి ముక్కలైంది. ఆమె తలమీద ఉన్నది చుట్టిన పాత చీరముక్క. భద్రు ముఖం కూడా తియ్యకుండా కిందికి ఉరికొచ్చాడు.

"సార్, కింద గూడ ఒక ఆడబొమ్మను పెడుదం. హెల్మెట్‌తోని."

రాజేందర్ పగలబడి నవ్వాడు. "పిచ్చోడా! దిష్టి తగలాల్నంటె ముందుగాల ఎవడన్న సూడాలె గద. తట్ట మోసేదాన్ని ఎవడు సూస్తడురా?"

ఆ తర్కంలో తప్పు పట్టడానికి మనకు వీల్లేదు. ఆ దారిన మనమూ ఎన్నోసార్లు వెళ్లాం. తలెత్తి బొమ్మలనే చూశాం.