ముగ్గు మీద నూనె చుక్క

మీరంతా నవ్వబోమని మాటిస్తేనే చెబుతాను. అదిగో, పానకాలు అప్పుడే నవ్వేశాడు. వాణ్ణి వదిలేయండి.

పర్చూరులో నాకో కారుందని మీకు తెలుసుగా. ఎవరో దొర సీమకి వెళ్ళిపోతూ అమ్మేసి పోయిన పాతకారు. ఏ కంపెనీదో చెప్పే రేకు నా చేతికి రాకముందే ఊడిపోయింది. నేను గేరు మారిస్తే వీధి చివర గేదెలు లేచి నిలబడతాయి.

మా ఆవిడ మల్లేశ్వరికి ఒక అన్న ఉన్నాడు, చెంచురామయ్య. మూడు మైళ్ళ అవతల పల్లె. తన గిత్తల జతని మించిన వాహనం లోకంలో లేదని ఆయన నమ్మకం. కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలవడానికొచ్చాడు. పిలిచి ఊరుకోకుండా నా కారు చుట్టూ ప్రదక్షిణం చేశాడు.

“బావా, ఇది మా ఊరొచ్చేలోగా నా కొత్తిల్లు పాతబడుద్ది. గిత్తల్ని పంపిస్తా, బండిలో రా.”

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. “కారులోనే నీ గుమ్మం ముందు దిగుతా! దిగకపోతే ఈ జన్మలో మళ్ళీ కారెక్కను, నీ బండి వెనకాల నడుస్తా!” అనేశాను. పదిమంది ముందు అన్నాను. అన్నాక గుర్తొచ్చింది, కారుకి బ్రేకు సరిగా పడటం లేదని.

మా ఊరి మెకానిక్ మాబు సాహెబ్ కారు కింద దూరి, మొహమంతా మసి చేసుకుని బయటికొచ్చాడు.

“అయ్యగారూ, బ్రేకు ఆయిలు పోయే గొట్టాలన్నీ తుప్పు తినేసింది. చిల్లుల్లోంచి ఆయిలు కారిపోతంది. అతుకులేస్తే ఆగదు. గుంటూరు నుంచి కొత్త గొట్టాలు రావాల. వారం పడుద్ది.”

గృహప్రవేశం నాలుగు రోజుల్లో ఉంది.

“బండిలో పోదాం లెండి,” అంది మల్లేశ్వరి. “బ్రేకుల్లేని కారెక్కడానికి నాకేమన్నా పిచ్చా?”

“కారకుండా చేస్తే ఎక్కుతావా?”

“కారు నిలబెట్టేది నా వాకిట్లోనేగా. రోజూ నా ముగ్గు మీద నల్లచుక్కలు. చుక్క పడని రోజు చెప్పండి, చూద్దాం.”

మర్నాడు ఆవిడ పొరుగింటికి అప్పడాలు ఒత్తడానికి వెళ్ళింది. నేను వంటింట్లో దూరాను. కారే కాగుకి మా అమ్మ మినప్పిండీ సున్నం కలిపి పూసి, పైన గుడ్డ చుట్టేది. ఆ కాగు పదేళ్ళు ఆగింది. కాగుకి ఆగింది గొట్టానికి ఆగదా? పిండి దొరికింది, సున్నం దొరికింది, గుడ్డే దొరకలేదు. ఆవకాయ జాడీకి కట్టిన వాసెన గుడ్డ కనిపించింది. మంచి గట్టి నేత. విప్పేశాను. స్నానం చేయకుండా ఆవకాయ జాడీ ముట్టుకున్నానంటే నా పౌరుషం ఏ స్థాయిలో ఉందో మీరే ఆలోచించండి.

కారు కింద వెల్లకిలా పడుకుని పూశాను. సగం గొట్టానికి, సగం నా మీసాలకి. రెండూ గట్టిపడ్డాయి.

మొదటి రోజు ముగ్గు మీద ఏడు చుక్కలు. మళ్ళీ పూశాను. రెండో రోజు మూడు. మళ్ళీ పూశాను. గృహప్రవేశం నాటి పొద్దున చూస్తే ముగ్గు తెల్లగా మెరిసిపోతోంది.

“ఏమేవ్! ఇటు రా! ఒక్క చుక్క చూపించు, ఒక్కటంటే ఒక్కటి!”

ఆవిడ ముగ్గు చూసింది. కారు చూసింది. నా మీసాలు చూసింది.

“అమ్మో, నిజమేనండీ!” అంది.

అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. అప్పుడే అనుమానించాల్సింది. మా మిరప కల్లం చూసే పిచ్చయ్యని పిలిచి చెవిలో ఏదో చెప్పి సైకిల్ మీద పంపింది. నాకేమో తలంటు పెట్టింది. మీసాలకంటిన పిండి వదిలేసరికి రెండు గంటలు పట్టింది.

“ముందు మన కల్లందాకా ఒక్కసారి తోలి చూపించండి. తర్వాత నేనెక్కుతా.”

మా దొడ్డి దాటితే కల్లమే, కాస్త పల్లంగా ఉంటుంది. వెళ్ళేసరికి కూలీలంతా పనాపేసి, మూతులకి గుడ్డలు కట్టుకుని గట్టు మీద వరసగా కూచున్నారు. నా కారు చూడ్డానికే అనుకుని హారను కొట్టాను. వాళ్ళలో రెబ్కా మాత్రం కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తోంది. పాపం, వాళ్ళింట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

బ్రేకు తొక్కాను. పెడలు నేలకంటుకుని మళ్ళీ పైకి రాలేదు. చేతిబ్రేకు లాగాను. అది మర్యాదగా ఊడి నా చేతిలోకొచ్చింది. ఎదురుగా మనిషెత్తు మిరపకాయల రాశి. “ఆగవే తల్లీ!” అని కారుని బతిమాలాను. తల్లి వినలేదు. అద్దందాకా రాశిలో దూరి అప్పుడాగింది.

ఇక తుమ్ములు చూడండి! నేను తుమ్మాను, పిచ్చయ్య తుమ్మాడు, పక్క దొడ్లో మేక తుమ్మింది. ఇంజను కూడా రెండుసార్లు తుమ్మి ప్రాణం విడిచింది.

కళ్ళు తుడుచుకుని చూస్తే మల్లేశ్వరి. పట్టుచీర, ముక్కుకి కొంగు, చంకలో ఆవకాయ జాడీ. వెనకాల చెంచురామయ్య గిత్తలు, మోకుతో సహా! వాటిని తోలే పీరు నవ్వాపుకోలేక అటు తిరిగి నిలబడ్డాడు.

“ఎప్పుడు కబురు పెట్టావే?”

“ముగ్గు చూసినప్పుడే. కాగు ఖాళీ అయ్యాక చిల్లుకాగైనా కారదండీ! ఉన్న ఆయిలంతా మూడు రోజుల్లో కారిపోయింది, ఇక చుక్కెక్కడిది?”

“మరి నన్నెందుకు ఆపలేదు?”

“నేను చెబితే ఆగారా ఎప్పుడైనా? అందుకే మిరపకాయలకి చెప్పాను. రాశి అడ్డం పోయించి, జనాన్ని గట్టెక్కించాను. ముందు నా వాసెన గుడ్డ ఇవ్వండి.”

నాకు నిజంగానే ఏడుపొచ్చింది, మిరపకాయల ఘాటు అందుకు తోడు. “అయిపోయింది మల్లీ. ఇక జన్మలో కారెక్కను. బండి వెనకాల నడుస్తా.”

“ఎవరు నడవమన్నారు? కారులో దిగుతానన్నారు గానీ, ఇంజనుతో దిగుతానన్నారా? ఎక్కండి!”

గిత్తల్ని మోకుతో కారు ముందు కట్టారు. పీరు బానెట్టు మీద కూచుని తోలాడు. నేను స్టీరింగు పట్టుకున్నాను. వెనక సీట్లో మల్లేశ్వరి, ఒళ్ళో జాడీ. దారిపొడవునా జనం పనులు మానేసి చూశారు. ఆ మూడు మైళ్ళు నేను తలెత్తితే ఒట్టు.

చెంచురామయ్య గుమ్మంలోంచి పరుగెత్తుకొచ్చాడు.

“కారులోనే వచ్చాం అన్నయ్యా. పందెం మాదే,” అంది మల్లేశ్వరి.

“వచ్చారు సరేనమ్మా, దీనికి బ్రేకులేవి?”

“లేకేం?” అని ఆవిడ గట్టిగా “హో!” అంది.

గిత్తలు ఆగాయి. కారు ఆగింది. నాకు తెలియకుండానే నేను కూడా స్టీరింగు వదిలేసి బుద్ధిగా చేతులు కట్టుకున్నాను.

తర్వాత మాబు సాహెబ్ కొత్త గొట్టాలు వేశాడు. బ్రేకులు బ్రహ్మాండంగా పడుతున్నాయి. అయినా నేను పానా పట్టుకుని కారు కిందికి వంగితే చాలు, వంటింట్లోంచి “హో!” అని వినిపిస్తుంది. పానా అక్కడే పెట్టేసి, కాళ్ళు కడుక్కుని లోపలికెళ్ళిపోతాను.